నేల కింది రాకాసి పురుగు

పులిని, ఏనుగును, మొసలిని చూచి మనిషి భయపడటంలో వింత లేదు. కాలి కింద నలిగిపోయే పురుగును చూచి కూడా అతడు అంతగానూ జంకుతాడు. ఆ భయానికి కథలలో రూపం కల్పించేటప్పుడు పురుగును పెంచి పెద్దది చేస్తాడు. దానికి కోరలు మొలిపిస్తాడు, ఒంటినిండా ముళ్ళు నాటుతాడు. ప్రాచీన వాఙ్మయంలో దీనికి చక్కని ఉదాహరణ మహాభారతం శాంతిపర్వంలోని అలర్కం.

పరశురాముడు శిష్యుడైన కర్ణుని తొడపై తల ఉంచి నిద్రిస్తున్నాడు. ఆ సమయంలో ఒక పురుగు వచ్చి కర్ణుని తొడను తొలచడం ప్రారంభించింది. గురువుకు నిద్రాభంగం కలుగుతుందని కర్ణుడు కదలలేదు. రక్తం తగిలి పరశురాముడు మేల్కొన్నాడు. అంతటి బాధను ఓర్చినవాడు బ్రాహ్మణుడు కాజాలడని గ్రహించి, కర్ణుని నిలదీసి, అసత్యమాడి నేర్చిన బ్రహ్మాస్త్రం అవసానకాలంలో స్ఫురించదని శపించాడు. ఈ కథ అందరూ ఎరిగినదే. అయితే ఆ పురుగు వర్ణనను గుర్తుంచుకొన్నవారు తక్కువ. దానికి ఎనిమిది కాళ్ళు, వాడి కోరలు, సూదులవంటి రోమాలు, పందిని పోలిన ఆకారం. అది కృతయుగంలో దంశుడనే రాక్షసుడనీ, భృగుమహర్షి శాపం వల్ల పురుగైనాడనీ కథ చెబుతుంది. ఒక మహావీరుని పతనానికి ఏనుగో సింహమో కాక పురుగు కారణం కావడం గమనింపదగినది.

దేవీభాగవతంలోని అరుణాసురుని కథ దీనికి మరొక వైపు. రెండు కాళ్ళ ప్రాణి చేతగాని, నాలుగు కాళ్ళ ప్రాణి చేతగాని మరణం లేకుండా ఆ రాక్షసుడు వరం పొందాడు. ఆరు కాళ్ళ ప్రాణి అతనికి తట్టలేదు. అమ్మవారు తుమ్మెదల గుంపును సృష్టించి అతనిని సంహరించింది. శ్రీశైలంలోని భ్రమరాంబ పేరుతో ఈ కథను ముడిపెట్టి చెప్పుకొంటారు.

రాకాసి పురుగును కల్పించే ఈ అలవాటు ఇరవయ్యవ శతాబ్దంలో ఒక కొత్త ఆటలోకి ప్రవేశించింది. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణం నుంచి మూడు సన్నని పుస్తకాలున్న ఒక పెట్టె వెలువడింది. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. రచయితలు గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్. తొలి ముద్రణ వేయి ప్రతులు మాత్రమే. పాత్రధారణ క్రీడ అని నేడు పిలిచే ఆటలకు ఇదే మూలం.

ఈ ఆటకు పచ్చీసుకు వలె గీసిన గళ్ళు తప్పనిసరి కాదు, చదరంగం వలె ఒకరు గెలిచి మరొకరు ఓడటమూ లేదు. నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, మరొకరు దొంగ. వారిలో ఒకరు మాత్రం సూత్రధారి. "మీరు పొలిమేర దాటారు. ఎదుట దున్నిన చేను ఉన్నది. చేను మధ్య నేల కుంగి ఉన్నది. ఏమి చేస్తారు?" అని అతడు అడుగుతాడు. ఆటగాళ్ళు తమ పాత్రలు ఏమి చేస్తాయో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైన చోట పాచిక వేస్తారు. ఆ పాచికలలో ముఖ్యమైనది ఇరవై ముఖాలు కలది. కనుక ఇది సగం కథ, సగం గణితం. మన హరికథకుడు శ్రోతలను మధ్యమధ్య అడిగి, వారి సమాధానాన్ని బట్టి కథను మలుపు తిప్పితే ఎట్లా ఉంటుందో ఊహించుకొంటే ఈ ఆట స్వభావం కొంతవరకు బోధపడుతుంది.

ఇటువంటి ఆటకు ప్రత్యర్థులు కావాలి. వారం వారం ఆడేవారికి వారం వారం కొత్త ప్రత్యర్థి కావాలి. గ్రీకు పురాణాలలోను, ఐరోపా జానపద కథలలోను ఉన్న వింత మృగాలు ఎన్నాళ్ళో సరిపోలేదు. ఆ దశలో గైగాక్స్‌కు అంగడిలో ఒక చవక బొమ్మల సంచి దొరికింది. అవి హాంకాంగ్‌లో తయారైన ప్లాస్టిక్ బొమ్మలు. చరిత్రపూర్వ జంతువులని వాటికి పేరే గాని, ఏ యుగంలోనూ అటువంటి జంతువులు లేవు. ఆ బొమ్మలే ఆటలో మూడు ప్రసిద్ధ రాకాసులకు ఆకారాన్నిచ్చాయి. వాటిలో ఒకటి 1975లో వెలువడిన 'గ్రేహాక్' అనే అనుబంధ గ్రంథంలో మొదట కనిపించిన తుప్పు రాకాసి.

తుప్పు రాకాసికి పురుగుకున్నట్లు రెండు పొడవైన మీసాలు ఉంటాయి. ఆ మీసం తగిలిన ఇనుము తుప్పై రాలిపోతుంది. ఆ తుప్పే దానికి ఆహారం. అది ఎవరి ప్రాణాన్నీ కోరి తీయదు. అయినా ఆటగాళ్ళు దానిని చూచి గడగడలాడుతారు. ఎన్నో వారాలు శ్రమించి సంపాదించిన కత్తి, కవచం క్షణంలో పొడి అవుతాయి. ఆటలో ఎంత సంపన్నుడైతే అంత భయం. చేతిలో వెదురు కర్ర తప్ప మరేమీ లేనివాడు నిర్భయంగా ముందుకు నడుస్తాడు. ఒక చవక బొమ్మను చూచి ఇంతటి యుక్తిని పన్నడం మెచ్చుకోదగినది. మంచి రాకాసికి కోరల పొడవు ముఖ్యం కాదని, ఎదుటివాడు దేనిని పోగొట్టుకొంటాడన్నదే ముఖ్యమని గైగాక్స్ గ్రహించాడు.

అయితే పురుగు జాతి రాకాసులలో మిక్కిలి నిండైన కల్పన ఇది కాదు. ఆ గౌరవం అన్‌కెగ్ అనే ప్రాణికి దక్కాలి. దీనిని కల్పించినవాడు ఎరోల్ ఓటస్. తరువాతి కాలంలో ఆ ఆట గ్రంథాలకు చిత్రకారుడుగా పేరు పొందిన వ్యక్తి. 1977లో 'ది డ్రాగన్' పత్రిక అయిదవ సంచికలో అన్‌కెగ్ మొదట ప్రకటితమైంది. అదే సంవత్సరం వెలువడిన 'మాన్‌స్టర్ మాన్యువల్' అనే రాకాసుల గ్రంథంలో చోటు సంపాదించుకొని, నేటికీ నిలిచి ఉన్నది.

ఆట రెండవ కూర్పులో దాని వర్ణన సవివరంగా లభిస్తుంది. పది నుంచి ఇరవై అడుగుల పొడవైన దేహం. ఆరు కాళ్ళు, వాటి చివరల నేలను తవ్వే కొక్కేలు. చెట్టును తుంచగల దవడలు. ఒళ్ళంతా గోధుమరంగు గట్టి పెంకు, పొట్ట కింద మాత్రం మెత్తని గులాబీ రంగు చర్మం. నల్లగా మెరిసే కళ్ళు. ఇది అడవులలోను, సారవంతమైన సాగునేలలోను నివసిస్తుంది. నేలకు అయిదు పది అడుగుల లోతున కదలక మెదలక పొంచి ఉండి, పైన నడిచే అడుగుల అదురును మీసాలతో పసిగట్టి, మన్ను చీల్చుకొని ఒక్కసారిగా పైకి లేస్తుంది. పశువును గాని మనిషిని గాని దవడలతో పట్టి, నోటి నుంచి స్రవించే ఆమ్లంతో కరగించి తింటుంది.

తెలుగునేలపై పెరిగినవారికి ఈ వర్ణన అంత అపరిచితంగా తోచదు. ఇసుకలో గరాటు వంటి గుంట తవ్వి, అడుగున దాగి, జారిపడిన చీమను దవడలతో లోపలికి లాగే చిన్న పురుగును పల్లెపిల్లలు పుల్లతో కదిపి ఆడుకొంటారు. కుమ్మరిపురుగు ముందు కాళ్ళు చిన్న పారలవలె ఉండి తడినేలను తవ్వుతాయి. దాని ఒంటికి మన్ను అంటదన్న నానుడి కూడా ఉన్నది. ఈ పురుగుల లక్షణాలను కలిపి వందరెట్లు పెంచితే దాదాపు అన్‌కెగ్ అవుతుంది.

ఇంతవరకు చెప్పినది ఆకారం. ఓటస్ కల్పననూ, ఆ తరువాత దానిని పెంపొందించిన వారి కల్పననూ ప్రత్యేకంగా నిలిపేది వేరొకటి. ఆ ప్రాణి చేసే ప్రతి పనికి మూల్యం ఉన్నది. ఉదాహరణకు అది ముప్పై అడుగుల దూరం వరకు ఆమ్లాన్ని చిమ్మగలదు. తగిలినవాడు దగ్ధమవుతాడు. కాని ఆ ఆమ్లం దాని జీర్ణరసమే. ఒకసారి చిమ్మితే తిరిగి ఊరడానికి ఆరు గంటలు పడుతుంది. అంతవరకు తిన్నది అరగదు. అందుచేత ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ పని చేయదు. ఈ సంగతి తెలిసిన ఆటగాడు దానిని తొందరపెట్టి, మొదట ఆ ఆయుధాన్ని ఖర్చు చేయించే ఉపాయం ఆలోచిస్తాడు.

మరొక మూల్యం పెంకుది. ఏ కీటకమైనా పెరగాలంటే పాత పెంకును వదలక తప్పదు. అన్‌కెగ్ కూడా ఏటా కుబుసం విడుస్తుంది. ఆ రోజులలో దాని ఒళ్ళు మెత్తన, నడక సగం. శత్రువులు దరి చేరకుండా దుర్గంధాన్ని విడుస్తుంది. శరత్కాలంలో జతకట్టిన పిమ్మట ఆడది మగదానిని చంపి, ఆ కళేబరంలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలకు తొలి ఆహారం తండ్రి దేహమే. చలికాలమంతా నలభై అడుగుల లోతున నిద్రిస్తుంది. రాకాసికి ఇంతటి దినచర్య అవసరమా అనిపించవచ్చు. నిజానికి కత్తి దూసి పోరాడేవారికి అవసరం లేదు. ఆలోచించి ఆడేవారికి ఇదే ఆధారం. రాలిన కుబుసం, కుంగిన నేల, కుళ్ళిన వాసన చూచి వారు ప్రాణి జాడ కనిపెడతారు.

గణితం వైపు కూడా ఒకసారి చూడాలి. 2014లో వెలువడిన అయిదవ కూర్పులో అన్‌కెగ్ రక్షణ సంఖ్య 14, ప్రాణబలం సగటున 39. దానిని కొట్టదలచినవాడు ఇరవై ముఖాల పాచిక వేసి 14 గాని, అంతకు మించి గాని తేవాలి. నైపుణ్యం వల్ల కలిసివచ్చే అంకెలు లేవనుకొంటే ఇరవైలో ఏడు అవకాశాలు మాత్రమే. కాని ఆ ప్రాణిని వెల్లకిలా పడద్రోస్తే రక్షణ సంఖ్య 11కు తగ్గుతుంది. అప్పుడు అవకాశాలు ఇరవైలో పది. 'పొట్ట కింద చర్మం మెత్తన' అన్న వర్ణన ఈ విధంగా అంకెగా మారింది. వర్ణనకు, లెక్కకు పొత్తు కుదరడం ఆట రచనలో కష్టమైన పని. చాలా రాకాసుల విషయంలో అది కుదరదు.

ఇక్కడ విజ్ఞానశాస్త్రం ఒక ప్రశ్న వేస్తుంది. ఇటువంటి పురుగు నిజంగా బ్రతకగలదా?

మూడు సెంటీమీటర్ల పొడవు, రెండు గ్రాముల బరువు ఉన్న ఒక పెంకుపురుగును తీసుకొందాం. అదే ఆకారంలో దానిని మూడు మీటర్లకు పెంచితే పొడవు నూరు రెట్లయింది. కాలి అడ్డుకోత వైశాల్యం నూరును నూరుతో హెచ్చించగా పదివేల రెట్లవుతుంది. బరువు మాత్రం నూరును మూడుసార్లు హెచ్చించగా పది లక్షల రెట్లు, అనగా రెండువేల కిలోలు. పదివేల రెట్లు బలపడిన కాళ్ళు పది లక్షల రెట్లు పెరిగిన బరువును మోయాలి. కాలిలోని ప్రతి భాగంపై భారం నూరు రెట్లు పెరిగిందన్నమాట. ఈ సూత్రాన్ని గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఎముకలకు అన్వయించి వివరించాడు. 1926లో జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రవేత్త ఒక ప్రసిద్ధ వ్యాసంలో దీనినే కీటకాల శ్వాసకూ విస్తరించాడు. ఈ హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేసి, భారత పౌరసత్వం స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

కీటకానికి మనవలె ఊపిరితిత్తులు లేవు. దేహం పక్కల ఉన్న సన్నని రంధ్రాల నుంచి గాలి గొట్టాల ద్వారా నేరుగా కణజాలాన్ని చేరుతుంది. దూరం స్వల్పమైతే ఈ ఏర్పాటు చాలు. దేహం పెరిగిన కొద్దీ లోపలి భాగాలకు ప్రాణవాయువు అందదు. నేల కింద పది అడుగుల లోతున పొంచి ఉండే ప్రాణికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. అక్కడి గాలి అసలే పలుచన. ఇక కుబుసం విడిచే రోజుల మాట చెప్పనక్కరలేదు. గట్టి పెంకు లేని రెండు టన్నుల దేహం తన బరువు కింద తానే అణగిపోతుంది.

అయితే భూమి చరిత్ర ఈ తీర్పును పూర్తిగా బలపరచదు. 1880లో ఫ్రాన్సులోని కొమాంత్రీ బొగ్గుగనులలో తూనీగను పోలిన ఒక కీటకపు శిలాజం దొరికింది. షార్ల్ బ్రోన్యార్ అనే శాస్త్రజ్ఞుడు దానికి మెగాన్యూరా అని పేరు పెట్టాడు. రెక్కలు చాచితే సుమారు 65 సెంటీమీటర్లు, అంటే కాకి చాచిన రెక్కలకు దాదాపు తీసిపోని వెడల్పు. అది సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటిది. నేడు గాలిలో 21 శాతమున్న ప్రాణవాయువు ఆ యుగంలో 30 శాతం దాటిందని శాస్త్రజ్ఞుల అంచనా. కీటకాలు అంతగా పెరగడానికి అదే కారణమని చాలాకాలం చెప్పుకొన్నారు.

2018లో ఇంగ్లండులోని నార్తంబర్లండ్ తీరంలో కొండచరియ నుంచి విరిగిపడిన ఒక రాతిలో ఆర్త్రోప్లూరా అనే ప్రాణి శిలాజం బయటపడింది. 2021లో దాని వివరాలు ప్రకటితమయ్యాయి. ఇది కీటకం కాదు, రోకలిబండకు దూరపు బంధువు. పొడవు రెండున్నర మీటర్లకు పైగా, బరువు 50 కిలోల వరకు ఉండవచ్చునని అంచనా వేశారు. ఆ శిల సుమారు 32 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటిది. అంటే ప్రాణవాయువు తారస్థాయికి చేరకముందే ఇంతటి ప్రాణి నేలపై నడిచింది. కనుక గాలి ఒక్కటే కారణం కాదని, సమృద్ధమైన ఆహారం వంటి ఇతర కారణాలనూ వెదకాలని ఇప్పుడు భావిస్తున్నారు. మరొక విశేషమున్నది. ఆ రాతిలో దొరికినది ప్రాణి దేహం కాకపోవచ్చు. అది విడిచిన కుబుసంలో ఇసుక నిండి శిలగా మారి ఉండవచ్చు. ఆటలో అన్‌కెగ్ జాడ కనిపెట్టే ఆటగాళ్ళకు దొరికే ఆనవాలు కూడా ఇదే. 1977లో ఆ ఆట రాసినవారికి ఈ సంగతి తెలిసే వీలు లేదు.

చలనచిత్రాలలోనూ రాకాసి పురుగులకు కొదవ లేదు. 1954లో వచ్చిన 'దెమ్' అనే అమెరికా చిత్రంలో అణుపరీక్షల ఫలితంగా చీమలు భారీగా పెరిగి మనుషులపై పడతాయి. జపాను 1961లో 'మోత్రా' అనే బ్రహ్మాండమైన చిమ్మటను తెరపైకి తెచ్చింది. అణుబాంబు నీడలో పుట్టిన కథలు ఇవి. ఎస్.ఎస్. రాజమౌళి 2012లో తీసిన 'ఈగ' మాత్రం ఈ వరుసకు ఎదురు నడిచింది. అందులో ఈగ ఈగగానే ఉండి, పరిమాణం పెంచుకోకుండా బలవంతుడైన శత్రువును ముప్పుతిప్పలు పెడుతుంది. అసలు భయం పరిమాణంలో లేదన్న సంగతి ఆ చిత్రం చూచిన పిల్లలకు కూడా బోధపడింది.

రైతుకు ఆ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తిచేలపై పొగాకు లద్దెపురుగు విరుచుకుపడింది. ఆ పురుగు పొడవు రెండంగుళాలకు మించదు. మందుమీద మందు చల్లినా అది చావలేదు. పెట్టుబడికి తెచ్చిన అప్పులు తీరే దారి లేక ఎందరో రైతులు ఆత్మహత్య చేసుకొన్నారు; పురుగుకోసం కొన్న మందే కొందరు తాగారు. ఏ రాకాసుల గ్రంథమూ ఇంతకంటె భయంకరమైన పురుగును వర్ణించలేదు.

అన్‌కెగ్ అడవి గుహలలో కాక సారవంతమైన సాగునేలలో నివసించడం ఈ దృష్టితో చూస్తే అర్థవంతమవుతుంది. దాని మొదటి శత్రువు యోధుడు కాదు, రైతు. రెండవ కూర్పు గ్రంథంలో ఒక వింత వాక్యార్థం కనిపిస్తుంది. ఈ పురుగు ఆకలిగొన్నప్పుడు రైతు ప్రాణానికి ముప్పే గాని, అతని నేలకు మేలు చేస్తుందట. అది తొలిచిన సొరంగాల గుండా గాలి, నీరు లోతుకు చేరుతాయి. దాని విసర్జన ఎరువవుతుంది. మాంసం దొరకనప్పుడు మట్టిలో కుళ్ళిన పదార్థాన్ని తిని బ్రతుకుతుంది. వానపాము చేసే పనినే అది పెద్ద ఎత్తున చేస్తున్నదని చెప్పవచ్చు.

ఈ ఒక్క వివరం వల్ల ఆట స్వరూపమే మారుతుంది. ఊరివారు యోధులను పిలిచి, పశువులను మింగుతున్న పురుగును చంపమని వేడుకొంటారు. ఇద్దరు పశుల కాపరులు ఇదివరకే కనిపించకుండా పోయారు. యోధులు చేనిలోకి వెళ్ళి చూస్తే, కుంగిన నేల చుట్టూ పైరు ఊరిలో మరెక్కడా లేనంత ఏపుగా పెరిగి ఉంటుంది. సూత్రధారి ఆ మాట చెప్పి ఊరుకొంటాడు. చంపితే ఆవులు దక్కుతాయి, మనుషులు దక్కుతారు. ఎండబెట్టిన పెంకుతో గట్టి కవచం చేయించుకోవచ్చు, ఆమ్లాన్ని అంగడిలో అమ్ముకోవచ్చు. చంపకుండా చలికాలం దాకా ఆగి, అది నలభై అడుగుల లోతున నిద్రించే వేళ గుడ్లను మాత్రం తీసివేయవచ్చునని ఒకరంటారు. ఆ చేను యజమాని, కాపరుల బంధువులు ఒకే మాట మీద ఉండరు. బల్ల చుట్టూ వాదన గంటసేపు సాగుతుంది. అంతసేపూ పాచికను ఎవరూ ముట్టుకోరు.